గింజ విషం, నూనె మందు: ఆముదం కథ

ఆముదపు గింజలో మందు, విషం పక్కపక్కనే ఉంటాయి. గింజ బరువులో దాదాపు సగం నూనె. ఆ నూనె పేగులను కదిలించి విరేచనం చేయిస్తుంది. పప్పులో రిసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. ఈ రెండింటినీ విడదీయడం మీదే ఆముదపు వైద్యమంతా ఆధారపడింది. మన దేశంలో గింజను వేయించి, దంచి, ఉడికించి, తేలిన నూనెను మాత్రమే కడుపులోకి ఇచ్చారు. చైనాలో గింజను నూరి ఎక్కువగా ఒంటిమీద పట్టు వేశారు, లోపలికి ఇవ్వడానికి మాత్రం వెనుకాడారు. దారులు వేరైనా రెండు చోట్లా వైద్యులను నడిపించింది ఒకే ఎరుక: పచ్చి గింజ ప్రమాదకరం.

ఎర్ర చల్కల పంట

హైదరాబాద్ దక్షిణాన, శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలో ఉంది రావిర్యాల. ఔటర్ రింగ్ రోడ్డు, ఫ్యాబ్ సిటీ వచ్చాక ఆ ఊరి చుట్టూ ఉన్న భూముల తీరు మారిపోయింది. కానీ రావిర్యాల నుంచి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ దాకా పరుచుకున్న ఎర్ర చల్క నేలలు తరతరాలుగా ఆముదానికి పేరుపడ్డవి. లోతు తక్కువగా ఉండి, నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచని ఈ నేలల్లో, బావి లేని రైతుకు వానాకాలంలో ఆముదమే ఆసరా అయింది. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి వానకూ వానకూ మధ్య ఎడం వచ్చినా మొక్క తట్టుకుంటుంది. పశువులు ఆకును అంతగా ముట్టవు. అందుకే చేలల్లోనే కాక గట్ల మీదా, పెంటకుప్పల పక్కనా కూడా ఆముదపు చెట్టు కనిపిస్తుంది.

నిజాం రాజ్యం నుంచి బయటికి వెళ్లిన ముఖ్యమైన సరుకుల్లో ఆముదపు గింజలు ఒకటి. ఇవాళ దేశంలో పండే ఆముదంలో సింహభాగం గుజరాత్‌దే అయినా, పంట మీద పరిశోధనకు హైదరాబాద్ ప్రధాన కేంద్రంగానే ఉంది. శంషాబాద్ నుంచి నగరంలోకి వచ్చే దారిలో ఉన్న రాజేంద్రనగర్‌లో 1977లో నూనెగింజల పరిశోధన డైరెక్టరేట్ ఏర్పడింది. అదే ఇప్పటి భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి క్రాంతి, హరిత, కిరణ్ వంటి రకాలు వచ్చాయి. అంతకుముందే, 1960ల్లో, హైదరాబాద్ పరిశోధకులు విత్తనాలపై న్యూట్రాన్లను ప్రసరింపజేసి అరుణ అనే రకాన్ని సాధించారు. తొమ్మిది నెలలు పట్టే పంట కాలాన్ని అది నాలుగు నెలలకు తగ్గించింది. వానలు త్వరగా ముగిసిపోయే మెట్ట రైతుకు ఇది పెద్ద మేలు.

గింజ లోపల ఏముంది

ఆముదం శాస్త్రీయ నామం రిసినస్ కమ్యూనిస్. ఈ మొక్క పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా అని వృక్షశాస్త్రవేత్తల అభిప్రాయం. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతానికి చెందిన ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పపైరస్‌లోనే దీని వైద్యపు వాడకం కనిపిస్తుంది.

ఆముదం నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం వరకు రిసినోలిక్ ఆమ్లమే. నువ్వులు, వేరుసెనగ, కొబ్బరి నూనెల్లో ఇది ఉండదు. ఆముదం చిక్కగా, జిగటగా ఉండటానికీ, విరేచనకారి కావడానికీ ఈ ఆమ్లమే కారణం. తాగిన నూనె కడుపులో ఉన్నంతసేపూ పనిచేయదు. చిన్నపేగులోకి చేరాక కొవ్వును జీర్ణం చేసే లైపేజ్ ఎంజైములు దాన్ని విడగొట్టి రిసినోలిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఆ తర్వాత ఏం జరుగుతుందో చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. పేగు గోడలను రేపి నీటిని ఊరేలా చేస్తుందని మాత్రం అనుకునేవారు. 2012లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో అసలు కీలకాన్ని పట్టుకున్నారు. రిసినోలిక్ ఆమ్లం పేగు కండరాల మీదుండే ఇ.పి.3 అనే గ్రాహకానికి అతుక్కుని వాటిని ముడుచుకునేలా చేస్తుంది. ఆ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలకు ఆముదం పట్టినా విరేచనం కాలేదు. గర్భాశయ కండరాల మీద కూడా ఇదే గ్రాహకం ఉంది. గర్భిణులు ఆముదం తాగకూడదన్న పాత హెచ్చరికకు శాస్త్రపరమైన ఆధారం అక్కడ దొరికింది.

రిసిన్ పని పూర్తిగా వేరు. దీన్ని 1888లో హెర్మన్ స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు గింజల నుంచి వేరుచేసి ఆ పేరు పెట్టాడు. ఇది రెండు గొలుసులు కలిసిన ప్రొటీన్. ఒక గొలుసు కణం పైపొరకు అతుక్కుని దారి చేస్తుంది. రెండోది లోపలికి దూరి, ప్రొటీన్లను తయారుచేసే రైబోజోములను పాడుచేస్తుంది. ఒక్క రిసిన్ అణువు నిమిషంలో వెయ్యికి పైగా రైబోజోములను పనికిరాకుండా చేయగలదు. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి పట్టికలో రిసిన్‌ను చేర్చారంటే దాని తీవ్రత అర్థమవుతుంది.

అయితే రిసిన్‌కు రెండు బలహీనతలున్నాయి. అది నీటిలో కరుగుతుంది తప్ప నూనెలో కరగదు. గట్టిగా వేడి తగిలితే దాని నిర్మాణం చెదిరి విషం విరిగిపోతుంది. అందుకే సరిగా తీసి కాచిన ఆముదంలో రిసిన్ ఉండదు. అది పిండిలోనే మిగిలిపోతుంది.

చైనా వైద్య గ్రంథాల్లో

చైనా సంప్రదాయ వైద్యం విరేచన ద్రవ్యాలను మూడు తరగతులుగా చూస్తుంది. గడ్డకట్టిన మలాన్ని బలంగా నెట్టేవి మొదటి తరగతి. దాహువాంగ్, అంటే మన రేవల్చిని, వీటిలో ముఖ్యమైనది. పేగును మృదువుగా తడిపి జారేలా చేసే నూనె గింజలు రెండోవి. వృద్ధులకు, బాలింతలకు వీటినే ఎంచుకుంటారు. ఒంట్లో చేరిన నీటిని ఉధృతంగా వెళ్లగొట్టేవి మూడోవి. వీటిలో చాలావరకు విషపూరితాలే.

ఆముదపు గింజను చైనీయులు బి మా జి అంటారు. టాంగ్ చక్రవర్తుల ఆజ్ఞతో క్రీ.శ. 659లో సిద్ధమైన ‘షిన్‌షియు బెన్‌సావో’ అనే ఔషధ గ్రంథంలో ఇది మొదటిసారి చోటు సంపాదించింది. పశ్చిమ దేశాల నుంచి వచ్చే, ఎర్రని కాండం గల ఎత్తైన రకం వైద్యానికి మరింత మేలని అందులో ఉంది. అంటే అప్పటికే అది చైనాకు బయటి నుంచి వస్తున్న మందు.

ఈ గింజ గురించి చాలా వివరంగా రాసినవాడు 16వ శతాబ్దపు మహావైద్యుడు లీ షిజెన్. 1578లో ముగించిన ‘బెన్‌సావో గాంగ్‌ము’లో ఆయన దీని ప్రధాన గుణాన్ని లాగడంగా, తెరవడంగా వర్ణించాడు. గడ్డల నుంచి చీమును, ఒంట్లో దిగిన ముల్లును, మొనను బయటికి లాగడానికి నూరిన పప్పును పట్టు వేసేవారు. కాన్పయ్యాక మావి పడకపోతే అరికాలికి పూసేవారు. ఆసనం గానీ గర్భసంచి గానీ జారితే నడినెత్తిన పట్టు వేసేవారు. కింద పూస్తే కిందికి, పైన పూస్తే పైకి లాగుతుందని వారి నమ్మకం. పని కాగానే పట్టును వెంటనే కడిగేయాలన్న షరతు కూడా ఉండేది. గొంతు వాచి మూసుకుపోతే, నూరిన పప్పును కాగితంలో చుట్టి కాల్చి ఆ పొగ పీల్పించేవారు. పక్షవాతంతో చేయి లేవని రోగికి ఆముదం నూనెను గొర్రె కొవ్వు, కస్తూరి వగైరాలతో కాచి రోజూ మర్దన చేయించాననీ, ఒంటితలనొప్పి ఉన్నవారికి సాంబ్రాణి జాతి బంక, ఉప్పు కలిపి నూరి కణతలకు పట్టు వేయించాననీ లీ షిజెన్ రాసుకున్నాడు. వీటిలో చాలావాటికి ఆధునిక పరీక్షల నిరూపణ లేదు. వైద్య చరిత్రలో భాగంగానే వాటిని చదవాలి.

లోపలి వాడకం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారుతుంది. పైపూతగా ఈ మందు ఎన్నోసార్లు అద్భుతంగా పనిచేసిందంటూనే, కడుపులోకి తొందరపడి ఇవ్వరాదని హెచ్చరించాడు. పశువు నాలుక మొదట్లో దీని ముద్దను తాకిస్తే అది మేత ముట్టదనీ, ఆసనంలో పెడితే రక్తం పోయి చస్తుందనీ వినికిడి ఉందనీ, దాన్నిబట్టే విషం ఎంతటిదో తెలుసుకోవచ్చనీ రాశాడు. నేటి చైనా ప్రభుత్వ ఔషధ ప్రమాణ గ్రంథం కూడా బి మా జిని విషం గల ద్రవ్యంగానే నమోదు చేసింది. గడ్డలు, గండమాల, గొంతువాపు, మలం ఎండి బిగుసుకోవడం అనే నాలుగింటికి దీన్ని సూచిస్తూ, మోతాదును 2 నుంచి 5 గ్రాములకు పరిమితం చేసింది. ఇది శిక్షణ పొందిన వైద్యులకు ఉద్దేశించిన కొలత, ఇంటి వైద్యానికి కాదు.

నేపాళంలో లెక్క తిరగబడుతుంది

విరేచనపు గింజల్లో అన్నిటికన్నా ఉగ్రమైనది నేపాళం. చైనీయులు దీన్ని బా డౌ అంటారు. ఆయుర్వేదంలో జయపాలం. చైనా ఔషధ గ్రంథాల్లో అత్యంత ప్రాచీనమైన ‘షెన్నోంగ్ బెన్‌సావో జింగ్’లోనే ఇది ఉంది. రేవల్చిని చలువ చేసే విరేచనకారి అయితే, బా డౌ వేడిచేసే విరేచనకారి అని చైనా వైద్యుల లెక్క. చలువ వల్ల కడుపు బిగుసుకుపోయి ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే మాత్ర ఒకటుంది. రేవల్చిని, శొంఠి, బా డౌ మూడూ కలిపి దాన్ని చేస్తారు. హాన్ కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ పేరుతో వచ్చిన గ్రంథంలో ఆ యోగం ఉంది.

నేపాళంలో గమనించాల్సిన తేడా ఒకటుంది. ఆముదంలో నూనె మందు, మిగిలిన పిండి విషం. నేపాళంలో నూనే ఉగ్రం. చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి, కొద్ది చుక్కలు కడుపులో పడ్డా ప్రాణాపాయం. అందుకే చైనాలో నేపాళపు పప్పును నూరి, వేడిచేసి, కాగితాల మధ్య మళ్లీమళ్లీ నొక్కి నూనెను పీల్చేసి, మిగిలిన పొడిని మాత్రమే వాడతారు. దాని మోతాదు కూడా 0.1 నుంచి 0.3 గ్రాములే. ఆయుర్వేదంలో పప్పు మధ్యనుండే మొలకను తీసేసి, గుడ్డలో మూటగట్టి, ఆవుపాలలో వేలాడదీసి ఉడికించి శుద్ధి చేస్తారు. అలా శుద్ధి చేసిన నేపాళంతోనే ఇచ్ఛాభేది రసం తయారవుతుంది. ఏ గింజలో ఏ భాగం ప్రమాదకరమో ప్రయోగశాలలు లేని కాలంలోనే ఇంత కచ్చితంగా కనిపెట్టడం సామాన్యమైన విషయం కాదు.

ఆయుర్వేదం, తెలుగిళ్ల వంటాముదం

ఆయుర్వేదం ఆముదాన్ని ఏరండం అంటుంది. బలానికి నువ్వులనూనె శ్రేష్ఠమైతే విరేచనానికి ఏరండ తైలం శ్రేష్ఠమని చరక సంహిత నిర్ణయం. వాతరోగాలకు దీన్ని ముఖ్యంగా చెప్పారు. కీళ్లు వాచి పట్టేసే ఆమవాతానికీ, నడుము నుంచి మడమ దాకా లాగే గృధ్రసికీ శొంఠి కషాయంలో ఆముదం కలిపి ఇచ్చే పద్ధతి ఉంది. ఆముదంలో వేయించిన కరక్కాయ పొడి, వేరుతో కాచే కషాయాలు ఇప్పటికీ ఆయుర్వేద వైద్యుల వాడకంలో ఉన్నాయి.

తెలుగిళ్లలో వైద్యానికి వాడేది వంటాముదం. గింజలను దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఎసట్లో వేసి మరిగిస్తారు. నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి మరో గిన్నెలో పోసి, చిటపటలాడే తడి పూర్తిగా పోయేవరకు మళ్లీ కాస్తారు. లీ షిజెన్ రాసిన పద్ధతి దీనికి చాలావరకు సరిపోతుంది. ఐదు పాళ్ల పప్పును దంచి పది పాళ్ల నీటిలో ఉడికించాలి, తేలిన నురగను తీసి విడిగా కాచాలి, దీపంలో పోస్తే చిట్లకుండా, నీటిలో చుక్క వేస్తే చెదరకుండా ఉండాలి అన్నాడాయన. వేయించడం, ఉడికించడం, మళ్లీ కాచడం అనే మూడు దశల్లోనూ వేడి రిసిన్‌ను విరిచేస్తుంది. నీరు దాన్ని తనలోకి లాక్కుంటుంది. నురగ తీసి తడి పోగొట్టడంతో మిగిలినది శుద్ధమైన నూనె. కారణం తెలియకపోయినా, క్రమం తప్పకుండా పాటించిన వంటగది నియమమే ఇంటిల్లిపాదినీ కాపాడింది.

ఒకప్పుడు నెలకో, ఋతువు మారినప్పుడో పిల్లలకు ఆముదం పట్టించడం ఆనవాయితీ. తెల్లవారుజామున పరగడుపున వేడినీళ్లతో తాగించి, విరేచనాలు ఆగాక మిరియాల చారుతో మెత్తని అన్నం పెట్టేవారు. ఆ రుచిని తలచుకుని ముఖం చిట్లించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఆముదం తాగినట్టు ముఖం పెట్టాడన్న మాట అందుకే నిలిచిపోయింది. పైపూతల సంగతికొస్తే, వాచిన మోకాలికి నూనె రాసి వెచ్చచేసిన ఆముదపాకు కట్టడం, పసిపిల్లల మాడుకు నూనె అద్దడం, ఆముదపు దీపం మసితో కాటుక పట్టడం ఊరూరా ఉన్నవే.

ఇప్పుడు ఎంతవరకు వాడాలి

ఆధునిక వైద్యంలోనూ ఆముదం గుర్తింపు పొందిన విరేచనకారే. పెద్దవారికి మోతాదు 15 నుంచి 60 మిల్లీలీటర్లు. రెండు నుంచి ఆరు గంటల్లో పనిచేస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే మలబద్ధకానికి తప్ప దీన్ని రోజువారీగా వాడరు. మాటిమాటికీ వాడితే నీరు, పొటాషియం వంటి లవణాలు ఒంట్లోంచి పోతాయి. పేగు కూడా మందుకు అలవాటు పడిపోతుంది. పేగుల పరీక్షకు ముందు కడుపు శుభ్రం చేయడానికి ఒకప్పుడు ఆముదమే ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పనికి పాలిఎథిలీన్ గ్లైకాల్ ద్రావణాలు వచ్చాయి.

గర్భిణులు ఆముదం తాగకూడదు. కాన్పు త్వరగా కావాలని సొంతంగా తాగడం తల్లికీ బిడ్డకీ ప్రమాదం. కారణం తెలియని కడుపునొప్పి, వాంతులు, పేగు అడ్డుపడిన అనుమానం, అపెండిసైటిస్ లక్షణాలు ఉన్నప్పుడు ఏ విరేచనకారీ తీసుకోరాదు. పసిపిల్లల నోట్లో, ముక్కులో ఆముదం చుక్కలు వేసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. దాన్ని పూర్తిగా మానాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే కష్టసాధ్యమైన న్యుమోనియా వస్తుంది. విరేచనాలతో నీరు తగ్గిపోవడం పసిబిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.

పచ్చి గింజల విషయంలో మినహాయింపు లేదు. గట్టి పెంకు పగలకుండా మింగిన గింజ ఒక్కోసారి హాని చేయకుండా బయటికి పోవచ్చు. నమిలిన గింజ మాత్రం విషాన్ని వదులుతుంది. కొన్ని గంటల్లో వాంతులు, కడుపులో మంట, రక్తంతో కూడిన విరేచనాలు మొదలై, ఒంట్లో నీరు ఇంకిపోయి, అవయవాలు దెబ్బతింటాయి. రిసిన్‌కు విరుగుడు మందు లేదు. సెలైన్‌తో, జాగ్రత్తతో కూడిన పర్యవేక్షణతో రోగిని నిలబెట్టాల్సిందే. చారలతో నిగనిగలాడే ఈ గింజలు పిల్లలను ఆకర్షిస్తాయి కాబట్టి విత్తనాల సంచులను అందకుండా దాచాలి. ఎవరైనా నమిలారని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గానుగ ఆడాక మిగిలే ఆముదం పిండి మంచి సేంద్రియ ఎరువు. నత్రజని పుష్కలంగా ఉంటుంది. అయితే సరిగా వేడి తగలని పిండిలో రిసిన్ అలాగే ఉంటుంది. దాన్ని పశువుల దాణాలో కలపకూడదు. తోటలో చల్లినప్పుడు మట్టిలో కలిపేయాలి, కుక్కలు, కోళ్లు తినకుండా చూడాలి. చల్లేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఎందుకంటే ఈ పిండి దుమ్ము కొందరిలో ఆయాసం తెస్తుంది. ఈ బెడదను మొదట్లోనే తగ్గించాలని రిసిన్ తక్కువగా ఉండే రకాల కోసం పరిశోధకులు కృషి చేస్తున్నారు. అమెరికాలోని టెక్సాస్‌లో రూపొందించిన బ్రిగమ్ రకం ఆ దిశలో ఒక ఫలితం.

ఇవాళ పండే ఆముదంలో వైద్యానికి వెళ్లేది చాలా తక్కువ. కందెనలు, రంగులు, సబ్బులు, నైలాన్ తయారీకే ఎక్కువ భాగం పోతుంది. పరిశ్రమల కోసం తీసిన ఆ నూనె తాగడానికి పనికిరాదు. కడుపులోకి తీసుకోవాలంటే మందుల దుకాణంలో ఔషధ ప్రమాణాలతో అమ్మే ఆముదమే కొనాలి. కీళ్లనొప్పులకో పక్షవాతానికో ఆయుర్వేద పద్ధతిలో వాడాలనుకుంటే అర్హత గల వైద్యుణ్ని సంప్రదించి మోతాదు తెలుసుకోవాలి. చైనా యోగాలలో ఉన్న బి మా జి, బా డౌలను అంతర్జాలంలో చూసి తెప్పించుకుని వాడటం ఎంతమాత్రం తగదు. ఈ గింజలను మందుగా మార్చింది శుద్ధి, కొలత, వైద్యుడి పర్యవేక్షణ. ఆ మూడింటిలో ఏది లోపించినా మిగిలేది విషమే.